సెట్టు బాగానే ఉంది

యోగానందం రేడియో సెట్టు ఫ్రీక్వెన్సీ పక్కకి జరుగుతోందని మొదట గొడవ పెట్టింది విజయవాడ ఝాన్సీగారు. ఆవిడ బ్యాంకులో పనిచేస్తారు. తేడా ఎక్కడ కనిపించినా చూసీ చూడనట్టు ఊరుకునే మనిషి కాదు.

మాదో చిన్న రేడియో బృందం. సరదాకి సొంత రేడియో నడుపుకునే హామ్ లైసెన్సు ఉన్నవాళ్ళం అరడజనుమందిమి రోజూ పొద్దున్నే ఎవరి ఊళ్ళో వాళ్ళం సెట్ల ముందు కూర్చుని, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలకరించుకుంటాం. దాన్ని నెట్ అంటాం. హాజరు పిలిచే మనిషిని నెట్ కంట్రోల్ అంటాం. అది ఝాన్సీగారు. తుఫానుకి ఫోన్లు మూగబోయినప్పుడు కబుర్లు చేరవేసేది మేమే కాబట్టి మా చాదస్తానికి కాస్తో కూస్తో మర్యాద ఉంది. మిగతా రోజుల్లో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం.

నా పేరు కేశవమూర్తి. కాకినాడలో ఉంటాను. పాలిటెక్నిక్ పిల్లలకి రేడియో లాబ్ చెప్పి రిటైరయ్యాను. పాడైన సెట్టు నా బల్లమీదకొస్తే బాగుపడకుండా వెళ్ళదని నాకో గర్వం. మా ఆవిడ రాజ్యలక్ష్మి దాన్ని పొగరు అంటుంది.

ఆ పొద్దున ఝాన్సీగారు దాపరికం లేకుండా అనేశారు. "యోగానందంగారూ, మీరు నాలుగువందల హెర్ట్జ్ పైనున్నారండీ. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. మీ కోసం రోజూ నాబ్ తిప్పుకోలేక చస్తున్నాను. ఓసారి సెట్టు చూసుకోండి."

"సెట్టు బాగానే ఉందండీ," అన్నాడు భీమిలి నుంచి యోగానందం.

అంతే, ఇంకో ముక్క లేదు. నాకు వింతగా తోచింది. పాతికేళ్ళ వయసులో ఓడలో రేడియో ఆఫీసరుగా చేసిన మనిషి అతను. ఫ్రీక్వెన్సీ వెంట్రుకవాసి తప్పినా నిద్రపట్టని రకం. అలాంటివాడు ఈ మాటని చెవిన వేసుకోకపోవడమేమిటి?

ఆ వారమంతా నేను కాపలా కాసి విన్నాను. నెట్ మొదలయ్యేటప్పుడు నాలుగువందలు పైనుండేవాడు. గంట గడిచేసరికి రెండువందల యాభైకి దిగేవాడు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. సెట్టు గుండెకాయ ఓ చిన్న స్ఫటికం. దాని లయని బట్టే సెట్టు ప్రతి ఫ్రీక్వెన్సీనీ కొలుచుకుంటుంది. వేడెక్కే కొద్దీ లయ కాస్త జరుగుతుంది. ఫోన్ చేశాను.

"ఏమయ్యా, నెట్‌కి ఓ గంట ముందు సెట్టు ఆన్ చేసి ఉంచు. వేడెక్కి కుదురుకుంటుంది."

"రాత్రంతా ఆన్‌లోనే ఉంటుందండీ మేష్టారూ."

"రాత్రంతానా? ఎందుకూ?"

"ఊరికేనండీ. వింటూ కూర్చుంటాను."

రాత్రంతా కాగిన సెట్టు పొద్దున్నే ఇంకా ఎందుకు జరుగుతుంది? కరెంటు సరిగ్గా రావడం లేదేమో, బ్యాటరీ మీద పెట్టమన్నాను. పెట్టాడు. తేడా లేదు. ఫ్రీక్వెన్సీ కొలిచే కౌంటర్ తగిలించి చూడమన్నాను. "కొలిచానండీ. చుక్క తేడా లేదు," అన్నాడు. కౌంటర్ ప్రకారం అతను సరైన చోట ఉన్నాడు, అయిదుగురం విన్నదాని ప్రకారం లేడు. నా బుర్ర వేడెక్కిపోయింది. పైగా వారానికోసారి ఆ నాలుగువందలు కాస్తా పెరుగుతూ వస్తోంది. అయిదువందలు దాటిన రోజున పిలవని పేరంటంగా భీమిలి బయల్దేరాను. నా కౌంటరు, చిన్న సెట్టు ఒకటి, మంచి స్ఫటికం ఒకటి సంచిలో వేసుకున్నాను.

గేటు తీసిన మనిషిని చూసి, యోగానందం తండ్రి కాబోలనుకున్నాను. ఏడాదిన్నర కిందట మా ఇంటికొచ్చినప్పుడు నల్లటి జుట్టుతో నిగనిగలాడుతున్నాడు. నలభై అయిదు నిండాయో లేదో. ఇప్పుడు తలంతా తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాత్రం నున్నగా గీసుకున్నాడు. తెగినచోట చిన్న పట్టీ అంటించుకున్నాడు.

"ఏమిటయ్యా ఇలా అయిపోయావు?"

"షుగరండీ," అన్నాడు నేలచూపులు చూస్తూ.

అతని భార్య హైమవతి మంచినీళ్ళిచ్చింది. విశాఖలో ఏదో ప్రయోగశాలలో సైంటిస్టు ఆ అమ్మాయి. రక్తం, టీకాలు చెడిపోకుండా ఎక్కువ కాలం నిలవుంచే పని. హాల్లో సోఫా మీద వాళ్ళ కూతురు తన్మయి దిండ్లకి ఆనుకుని బొమ్మలు వేసుకుంటోంది. ఏదో జ్వరం తగిలి పిల్ల గుండె కండరం దెబ్బతింది. వేరే గుండె దొరికితే తప్ప లాభం లేదని చెన్నైలో పేరు రాయించారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. నెట్ మీద ఎవరం ఎత్తం.

"మేష్టారు తాతగారూ, బావున్నారా?" అంది, మధ్యలో ఊపిరి తీసుకుని.

బావున్నానన్నాను. ఏడాదిన్నర కిందట నాన్నతో మా ఇంటికొచ్చినప్పుడు వేసుకున్న గౌనే వేసుకుంది. ఇంకా సరిపోతోంది. జబ్బుపిల్ల కదా, ఎదుగుదల ఆగిందేమో అనుకున్నాను.

రేడియో గది డాబా మీద ఉంది. సరిగ్గా దాని కిందే తన్మయి పడుకునే గది. మధ్యాహ్నం సెట్టు విప్పాను. నిజం చెప్పాలంటే తప్పేమీ కనపడలేదు. అయినా కాకినాడ నుంచి వచ్చినందుకు స్ఫటికం మార్చేశాను. సోల్డరింగ్ చేసేటప్పుడు చేతి గడియారం తీసి పక్కన పెట్టడం నాకు అలవాటు. సాయంత్రం ఝాన్సీగారిని పిలిచి అడిగాను.

"అబ్బ, కరెక్టుగా ఉన్నారండీ! ఏం చేశారు మేష్టారూ?"

"చెయ్యి పడాలమ్మా," అన్నాను. యోగానందం నవ్వలేదు. పాపం అన్నట్టు నాకేసి చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

రాత్రికి పైనే పడుకుంటానన్నాను. "వద్దండీ!" అని దాదాపు అరిచాడు. తర్వాత సర్దుకుని, "పైన నేను పడుకుంటానండీ. మీకు హాల్లో మంచం వేయిస్తాను," అన్నాడు. హైమవతి వంటింట్లోంచి నాలుగు గిన్నెల కారియర్లు మూడు తెచ్చి అతని చేతికిచ్చింది. మంచినీళ్ళ బిందె అప్పటికే పైకి చేరింది.

"ఒక్క రాత్రికి మూడు కారియర్లా! షుగరన్నావు కదయ్యా?" అని నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణే.

పొద్దున్నే నెట్ వేళకి పైకెళ్ళాను. హాజరు పిలుస్తూ ఝాన్సీగారు ఆగిపోయారు. "మళ్ళీ మొదలైందండీ. అయిదువందల యాభై."

నాకు ఒళ్ళు మండిపోయింది. సెట్టుని కిందికి మోసుకొచ్చి హాల్లోంచి పిలిచాను. సరిగ్గా ఉందన్నారు. పైకి మోశాను. పైకి పోయిందన్నారు. నా చిన్న సెట్టుని పైకి తెచ్చి పలికాను. అదీ జరిగింది. అతని కౌంటరు చుక్క తేడా లేదంటోంది. నా కౌంటరు తగిలించాను, అదీ అదే మాట. రెండు సెట్లు, రెండు కౌంటర్లు తమ తప్పేమీ లేదంటున్నాయి, ఝాన్సీగారు తప్పంటున్నారు. మెట్లెక్కి దిగి నా మోకాళ్ళు విరగడం తప్ప తేలిందేమీ లేదు. సాక్షులంతా ఒకే గదిలో ఉండి సాక్ష్యం చెబుతున్నారని నాకు తట్టలేదు. నలభై ఏళ్ళుగా సెట్టుని అనుమానించానే గాని గదిని అనుమానించడం నాకెవరూ నేర్పలేదు.

టైమెంతయిందో చూద్దామని బల్లమీద మర్చిపోయిన గడియారం అందుకున్నాను. అందులో తేదీ కూడా ఉంటుంది. అది దాదాపు మూడు రోజులు ముందుంది.

బ్యాటరీ అయిపోతే గడియారం వెనకబడుతుంది గాని ముందుకు పరిగెత్తుతుందా? తలెత్తి యోగానందం వైపు చూశాను. అతని మొహం నిండా గడ్డం. నిన్న రాత్రి నున్నగా ఉన్న మొహమే అది. పట్టీ ఊడిపోయింది, కింద గాయం మానిపోయింది. ఓ మూల మూడు కారియర్లూ ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి.

గడియారం చేత్తో పట్టుకునే వెళ్ళి మెట్లమీద కూర్చున్నాను.

"యోగానందం, నువ్వు రాత్రి ఈ గదిలో ఎంతసేపున్నావు?"

అతను చేత్తో గడ్డం తడుముకున్నాడు. హైమవతి మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. "కిందికి రండి మేష్టారూ, చూపిస్తాను," అంది.

తన్మయి మంచం కింద ట్రంకు పెట్టెంత ఇనప పెట్టె ఉంది. దాన్నుంచి లావుపాటి తీగలు గోడ వెంట పై గదికి పోతున్నాయి. ఆ వేళప్పుడు అది ఆపేసి ఉంది. పిల్ల హాల్లో టీవీ చూస్తోంది. హైమవతి గొంతు తగ్గించి చెప్పింది.

"టీకాల కోసం మొదలుపెట్టామండీ. చల్లబరచడం కాకుండా, పెట్టెలో కాలాన్నే నిదానం చేస్తే ఏదీ చెడదు కదా అని. పనిచేసింది. కానీ ఇటు ఎంత నిదానిస్తే అటు పక్క అంత పరుగు. త్రాసులాగా. ఇటు బోనులో ఎలుక కుర్రగా ఉండేది, అటు బోనులోది ముసలిదై చచ్చిపోయేది. దాంతో మా వాళ్ళు పని ఆపించేశారు. నేను ఆపలేదు."

"అంటే త్రాసు లెక్కన పిల్లకి రాత్రంతా గంటే గడుస్తుంది. అతనికి మూడు రోజులు," అన్నాను వేళ్ళమీద లెక్కేసి.

"ఊఁ. గుండె దొరికేదాకా అది ఎదురుచూడాల్సిన కాలం కాస్తయినా తగ్గుతుందని."

"పై గదిని ఖాళీగా వదిలేయొచ్చుగా? మనిషెందుకు?"

"ఖాళీ గదిలో కాలం మీద పట్టు నిలవదండీ. ఇటు ప్రాణముంటే అటూ ప్రాణముండాలి."

"మేకని కట్టేయండి!"

"కట్టేశామండీ," అన్నాడు వెనకనుంచి యోగానందం. "గింజుకుంటే పట్టు తెగిపోతోంది. కదలకుండా కూర్చునే ప్రాణం కావాలి. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని రోజులతరబడి కుర్చీలోంచి లేవకుండా ఉండేది ఎవరండీ? మునులన్నా అయ్యుండాలి, మనలాంటివాళ్ళన్నా అయ్యుండాలి."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఝాన్సీగారి అయిదువందల హెర్ట్జ్ ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. పెట్టె ఆపాక కూడా ఆ గది మామూలు కావడానికి మధ్యాహ్నం దాకా పడుతుందట. నెట్ వేళకి ఆ పరుగు వాసన కొంచెం మిగిలి ఉంటుంది. ఆ గదిలో స్ఫటికం, కౌంటరు, గడియారం, మనిషి, అన్నీ కలిసి కాస్త తొందరగా నడుస్తుంటాయి. కాబట్టి గదిలో ఎవరికీ తేడా కనపడదు.

"నాబ్ కొంచెం కిందికి తిప్పుకుని పలికితే మాకెవరికీ తెలిసేది కాదు కదయ్యా?"

"ఓడలో పట్టుబడ్డ అలవాటండీ. చెప్పిన ఫ్రీక్వెన్సీ మీదే పంపాలి, దొంగ లెక్క చెయ్యకూడదు." కాసేపు ఆగాడు. "మూడు రోజులు మనిషి గొంతు వినకుండా ఉండి, తెల్లారి మీ అందరి గొంతులు వింటానండీ. ఎవరైనా కనిపెడితే బావుణ్ణనిపించేది. కనిపెడితే ఎలాగా అని భయమూ వేసేది."

హైమవతి కళ్ళు తుడుచుకుంది. "ఆయన గుండె తడబడుతోంది మేష్టారూ. పిల్ల కోసం పెట్టె పట్టు ఇంకా బిగించాల్సొస్తోంది, అందుకే ఆ హెర్ట్జ్ అంకె పెరుగుతోంది. బిగిస్తే ఆయన మిగలరు. ఆపితే పిల్ల మిగలదు. నేను కూర్చుందామంటే పెట్టె చూసేవాళ్ళు లేరు. పగలు కూడా పడుకోబెడితే ఇంకా కలిసొస్తుంది గాని, దాన్ని బతికించుకునేది బొమ్మలేసుకోడానికీ, మాతో మాట్లాడ్డానికీ కదండీ."

ఇది తప్పు అనాలనిపించింది. ఎవరిది తప్పు అని అడిగితే చెప్పలేను. ఎలుకల మీదే ఆపేసిన పనిని ఇంట్లో మొగుడి మీద చేస్తున్న ఆ అమ్మాయిని కోప్పడదామనుకున్నాను. హాల్లోంచి పిల్ల నవ్వు వినపడింది. టీవీలో ఏదో కార్టూను. కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం బీచి ఒడ్డున చేపల వలలు ఆరబెడుతున్న చోటికి వెళ్ళి నుంచున్నాను. నాకు అరవై మూడు. ఓ నెలపాటు రాత్రులు ఆ గదిలో కూర్చుంటే మూడు నెలలు పోతాయి. ఉన్న ఊళ్ళో, నేను ఆ మూడు నెలల్లో ఏం చేస్తాను? మోకాళ్ళ గురించి మాట్లాడతాను. అయినా భయం వేసింది, దాచుకోవడమెందుకు. రాజ్యలక్ష్మికి చెందాల్సిన నెలలు కూడా కదా అవి. ఆమెకి ఫోన్ చేశాను.

"ఇంకో నెల ఉండాల్సొచ్చేలా ఉంది."

"అంత పాడైపోయిందా సెట్టు?"

"ఊఁ."

"మీరు చేతులెత్తేస్తే బాగుచేసేవాళ్ళు లేరటగా! సరే, ఉండండి. మందులు మర్చిపోకండి."

చెప్పేద్దామనుకున్నాను. చెబితే కూర్చోవద్దంటుందో, తనే వచ్చి కూర్చుంటానంటుందో తేల్చుకోలేక పెట్టేశాను.

సాయంత్రం కారియర్లు నింపుతుండగానే పైకెళ్ళి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాను. యోగానందం వచ్చి చెయ్యి పట్టుకు లాగాడు. "మీరెందుకండీ? మా పిల్లండీ అది. లేవండి మేష్టారూ!"

"కదలకుండా కూర్చోవడంలో నీకు గురువునయ్యా. నన్ను లాగితే పట్టు తెగుతుంది. పోయి పడుకో. నీ మొహానికి నిద్ర కావాలి."

అతను అక్కడే గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హైమవతి అతన్ని కిందికి తీసుకెళ్ళింది. తలుపులు మూశారు.

అందులో ఏముంటుందో చెప్పమంటే కష్టం. నాకేమీ అయినట్టే లేదు. ఆకలేస్తే తిన్నాను, నిద్రొస్తే కుర్చీలోనే పడుకున్నాను. సముద్రం హోరు మాత్రం మారిపోయింది. ఒక్కో అల విరగడానికి నిమిషం పట్టినట్టు కింద ఎక్కడో సాగుతూ వినపడేది. సెట్టులో మనుషుల మాటలు ఉండవలసిన చోట లేవు. డయల్ మీద అడుగున ఎక్కడో దొరికాయి గాని, మూలుగుల్లా సాగిపోయి ఒక్క ముక్కా తెలియలేదు. రెండోరోజో మూడోరోజో, అక్కడే చుక్కలూ గీతలుగా మోర్స్ కోడు చప్పుడు వినపడింది. హాయిగా, బడిపిల్లలకి నేర్పే వేగంతో వస్తోంది. కింద హాల్లో నా చిన్న సెట్టు ముందు కూర్చుని యోగానందం చేతనైనంత జోరుగా కీ కొడుతున్నాడని అర్థమైంది. నాకు చేరేసరికి అది నిదానమైంది. అన్నం తిన్నారా అని అడుగుతున్నాడు. తిన్నానని మెల్లగా కొట్టాను. అది అతనికి ఎంత గబగబా వినపడిందో.

తలుపు తీసింది తన్మయి. చేతిలో కాఫీ గ్లాసు. ఆ పిల్లకి మధ్యలో గడిచింది ఒక్క గంటే. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గోడకి ఆనుకుని నుంచుంది. వాళ్ళమ్మ ఎక్కనివ్వదట, దొంగతనంగా వచ్చింది. నా మొహంకేసి చూసింది. గడ్డం గీసుకోడానికి బ్లేడు తెచ్చుకోవడం నేను మర్చిపోయాను.

"తాతగారూ, నిన్న మీకు గడ్డం లేదు."

పిల్లకేమీ తెలియనివ్వద్దని హైమవతి మరీ మరీ చెప్పింది. పెట్టె గుండెకి మందులాంటిదని పిల్లతో చెప్పారు. ఏం చెప్పాలో తోచక గడ్డం నిమురుకున్నాను. "నాకు తొందరగా పెరుగుతుందమ్మా," అన్నాను.

"నాన్నకీ అంతే. రోజూ పొద్దున్న గీసుకుని కిందికొస్తారు. ఒకోరోజు మర్చిపోతారు." గ్లాసు బల్లమీద పెట్టింది. "నేను అడగను."

"ఏం, ఎందుకడగవు?"

"అడిగితే చెప్తారు. చెప్తే నేను వద్దనాలి." ఊపిరి తీసుకుంది. "నాకు వద్దనాలని లేదు తాతగారూ."

పన్నెండేళ్ళ పిల్లకి ఏ పెద్దమనిషి చెప్పగలడు జవాబు? నువ్వు వద్దనక్కర్లేదమ్మా అందామనుకుని మానేశాను. పక్కనున్న స్టూలు లాగి చూపించాను. కూర్చుంది. చెయ్యి నా చేతిమీద వేసింది. చల్లగా ఉంది.

సెట్టులో నెట్ మొదలైంది. గది పరుగు ఇంకా తీరలేదు కాబట్టి ఝాన్సీగారి గొంతు బాతులా పలుకుతోంది. హాజరు నా దాకా వచ్చింది. లైసెన్సు మీదున్న నా కాల్‌సైన్ చెప్పి, భీమిలి నుంచి మాట్లాడుతున్నానన్నాను.

"ఇదేమిటండీ, ఇప్పుడు మీరు జరిగారు! అయిదువందల యాభై పైనున్నారు. బాగుచేయడానికెళ్ళి మీరే పాడయ్యారేమిటి? సెట్టు చూసుకోండి మేష్టారూ."

తన్మయి నా మొహంలోకే చూస్తోంది, ఏం చెప్తానా అని.

"సెట్టు బాగానే ఉందమ్మా," అన్నాను.

ఝాన్సీగారు బాతు గొంతుతోనే మిగతా హాజరు అందుకున్నారు. తన్మయి చెయ్యి చాచి నాబ్ పట్టుకుని, ఝాన్సీగారి గొంతు మనిషి గొంతయ్యేదాకా మెల్లగా తిప్పింది.